ఇంటి లెక్క: ముందుగా కట్టిన రూపాయి

ఈ నెల మాకు వచ్చిన జాబులలో నెల్లూరు జిల్లా సంగమునుండి ఒక సోదరి వ్రాసినది కలదు. అది ఒక్క యింటి ప్రశ్న గాదు. నేడు వాయిదాలమీద బండి కొన్న ప్రతి యింటను ఏదో యొకనాడు పుట్టునట్టి ప్రశ్న. కావున ఆమె పేరు మరుగుపరచి, ఈ నెల పుటలను ఆ జాబునకే వినియోగించుచున్నాము.

ఆమె వ్రాసిన సంగతి యిది. మామగారిని వారమునకు రెండుమారులు నెల్లూరు ఆసుపత్రికి తీసికొని పోవలసి వచ్చినందున ఇంటివారు ఒక చిన్న కారు కొన్నారు. బ్యాంకు ఋణము అయిదు లక్షలు. వడ్డీ ఏటికి నూటికి తొమ్మిది. గడువు అయిదేండ్లు, అనగా అరువది నెలలు. నెలకు కట్టవలసిన కంతు రు. 10,379. ఒక యేడు తప్పక కట్టినారు. మొన్న బ్యాంకునుండి లెక్క తెప్పించి చూడగా, పండ్రెండు నెలలలో కట్టినది రు. 1,24,548, బాకీ తగ్గినది మాత్రము రు. 82,913. తక్కిన నలువదియొక్కవేయి ఏమైనదని అత్తగారు అడిగినారట. వరికోత యయి, పైరు పెట్టుబడికిని ఇంటి ఖర్చునకును తీసి యుంచిన పిదప, చేతిలో ఏబదివేల రూపాయలు మిగిలినవి. దానిని బ్యాంకునకు కట్టుదమని ఆమె తలంపు. కట్టినను కంతు కంతే కదా, ఎవరికైన రూపాయిన్నర వడ్డీకి ఇచ్చుకొందమని అత్తగారి మాట. కంతు తగ్గించుకొన్నచో నెల నెలకు సుఖమని పెనిమిటి అభిప్రాయము. “మేము మోసపోయితిమా? ఈ సొమ్ము ఏమి చేయవలెను?” అని ఆమె అడుగుచున్నారు.

మొదటి ప్రశ్నకు మొదట జవాబు. అమ్మా, మీరు మోసపోలేదు. మీ లెక్క మేము వేసి చూచితిమి, సరిపోయినది. కాని ఆ లెక్క ఎట్లు నడచునో తెలియనిచో రెండవ ప్రశ్నకు జవాబు దొరకదు. కావున కాగితమును పెన్సిలును తీసికొని మాతో కూర్చుండుడు.

ఏటికి నూటికి తొమ్మిది యనగా, మన పల్లెల లెక్కలో నెలకు నూటికి ముప్పావలా. ముప్పావలా వడ్డీ యన్న మాట మన యిండ్లలో వినని వారుండరు. అయిదు లక్షలకు నెల వడ్డీ రు. 3,750. మొదటి కంతు రు. 10,379లో ముందుగా ఈ 3,750 వడ్డీక్రింద పోవును. మిగిలిన రు. 6,629 మాత్రమే అసలునకు జమయగును. అప్పుడు బాకీ రు. 4,93,371. రెండవ నెల వడ్డీ ఈ తగ్గిన బాకీమీద కట్టబడును గనుక రు. 3,700 అగును, అసలునకు రు. 6,679 జమయగును. ఇట్లు నెలనెలకు వడ్డీ కొంచెము కొంచెముగా తగ్గి, అసలునకు చేరునది పెరుగుచుండును. కడపటి కంతులో వడ్డీ డెబ్బదియేడు రూపాయలే.

సంగమువారికి ఇది బోధపరుప నక్కరలేదు. పెన్నమీద 1880 దశకములో కట్టిన ఆనకట్టను, 2022 సెప్టెంబరు 6వ తేదీన ప్రారంభమైన క్రొత్త బ్యారేజిని ఎరిగినవారు కదా! కాలువ విడిచినప్పుడు మొదటి పొలము తడిసిన పిమ్మటనే చివరి పొలమునకు నీరు చేరును. కంతు అను కాలువకు మొదటి పొలము వడ్డీ. చివరి పొలము అసలు. మొదటి పొలము త్రాగు నీరు తక్కిన యేండ్లకన్న తొలి యేటనే ఎక్కువ. మీరు కట్టిన లక్ష యిరువదినాలుగువేలలో రు. 41,635 ఆ పొలమే త్రాగివేసినది. ఇదియే మీ అత్తగారి ప్రశ్నకు సమాధానము. మన పెద్దలు ప్రోనోటు వెనుక చెల్లు వేయించునప్పుడును ఇంతే: వచ్చిన రూపాయి ముందు వడ్డీకి, తరువాత అసలునకు.

కంతునకు పైగా, అసలునకే అని చెప్పి కట్టిన సొమ్మో? అది కాలువ వెంట రాదు. కడవతో మోసికొని పోయి చివరి పొలములోనే పోసినట్లు. ఆ నెల వడ్డీ కంతులోనే తీరిపోయినది గనుక, అదనముగా కట్టిన ప్రతి రూపాయియు అసలునుండి తగ్గును. తగ్గిన ఆ రూపాయిమీద ఋణము తీరువరకు ఏ నెలయును వడ్డీ లేదు. అందుచేతనే అదనపు సొమ్ము ఎంత యన్నదేగాక, ఎప్పుడు కట్టితి మన్నదియు ముఖ్యము.

ఇప్పుడు మీ యేబదివేలను ఈ లెక్కలో పెట్టుదము. ఒక యేడు గడచిన పిదప మీ బాకీ రు. 4,17,087, మిగిలిన కంతులు నలువదియెనిమిది. ఏబదివేలు అసలునకు కట్టినచో బాకీ రు. 3,67,087 అగును. ఇచట బ్యాంకువారు మిమ్ము ఒక ప్రశ్న అడుగుదురు, లేక అడుగకయే తమకు తోచినది చేయుదురు. కంతు అంతే యుంచి గడువు తగ్గింపవలెనా? గడువు అంతే యుంచి కంతు తగ్గింపవలెనా?

కంతు రు. 10,379గానే యుంచినచో, నలువదియెనిమిదికి బదులు నలువదియొక్క నిండు కంతులు, పిదప రెండువేల ఆరువందల పైచిలుకుగల చిన్న కంతు ఒకటితో ఋణము తీరును. ఆరు నెలలు ముందుగా విముక్తి. వడ్డీలో మిగులునది సుమారు ఇరువదివేల రూపాయలు.

గడువు తగ్గింపక కంతు తగ్గించుకొన్నచో, నెలకు రు. 9,135 కట్టిన చాలును. చేతిలో నెలకు రు. 1,244 మిగులును. కాని నలువదియెనిమిది నెలలును కట్టవలసినదే. వడ్డీలో మిగులునది సుమారు రు. 9,700, అనగా మొదటి దారిలో సగమునకన్న తక్కువ.

మీ పెనిమిటిగారి మాటను మేము త్రోసివేయుట లేదు. నెలసరి రాబడి అంతంతమాత్రమై, ప్రతి మాసమును కంతు నాటికి చేబదులు చేయవలసి వచ్చుచున్న యింటికి కంతు తగ్గించుకొనుటయే క్షేమము. తప్పిన కంతునకు పడు జరిమానా, చేబదులు వడ్డీ, మనసులోని దిగులు, ఇవన్నియు లెక్కలోనివే. కాని ఇప్పటి కంతును ఇబ్బంది లేక కట్టగలుగుచున్న యింటికి గడువు తగ్గించుకొనుటయే లాభము. తగ్గిన రు. 1,244ను నెలనెలా తిరిగి అసలునకే కట్టువారుండిన రెండు దారులును ఒకచోటికే చేరును. కాని చేతిలోనికి వచ్చిన చిల్లర పండుగకు ఒకసారి, పెండ్లికి ఒకసారి కరగిపోవుట మన మెరుగనిదా?

అదే యేబదివేలను మీరు దాచి యుంచి, నాలుగేండ్లు నిండిన పిదప, కడపటి యేట కట్టితి రనుకొనుడు. అప్పటికి బాకీ రు. 1,18,700కు దిగియుండును. అప్పుడు కట్టిన యేబదివేలవలన మిగులు వడ్డీ సుమారు రు. 3,800 మాత్రమే. సొమ్ము అదే, బండి అదే, బ్యాంకు అదే. మూడేండ్ల యాలస్యమునకు పదునారువేలు పోయినవి.

పెద్ద మొత్తము చేతికి రాని యిండ్లవారు నిరాశ చెందనక్కరలేదు. ఇట్టి ఋణముననే మొదటి నెలనుండి కంతుతోపాటు వేయి రూపాయలు అసలునకు అదనముగా కట్టుచు వచ్చినచో, అరువదియవ నెలకు బదులు ఏబదినాలుగవ నెలలోనే బాకీ తీరును. వడ్డీలో సుమారు రు. 13,900 మిగులును. చిన్న మొత్తముల మహిమ నెల్లూరు జిల్లా స్త్రీలకు మేము చెప్పవలసినది కాదు. 1992లో దూబగుంటలో రోసమ్మ మొదలగువారు సారాపై తిరుగబడిన పిదప, ఆ జిల్లాలోనే పొదుపు లక్ష్మి సంఘములు ఏర్పడి, దినమునకు రూపాయి చొప్పున స్త్రీలు కూడబెట్టినారు. సంఘపు పుస్తకములో అసలును వడ్డీని వేరువేరుగా వ్రాయ నేర్చిన చేయి బ్యాంకు లెక్కను చూచి వెరవనేల?

ఇక అత్తగారి మాట. రూపాయిన్నర వడ్డీకి ఇచ్చిన యేబదివేలకు నెలకు రు. 750 వచ్చును; బ్యాంకునకు కట్టినచో నెలకు రు. 375 మిగులును. కాగితముమీద అత్తగారిదే గెలుపు. కాని ఆ 750 వచ్చునో రాదో పుచ్చుకొన్నవాని పంటను, వాని మనసును బట్టి యుండును. ఈ 375 ఎవ్వరి దయయు లేక నిశ్చయముగా మిగులును. వడ్డీయాశ అసలుకు మోసమని సామెత ఊరకే పుట్టలేదు. డిపాజిట్టు వేయుదమన్నను, సాధారణముగా బ్యాంకు మన డిపాజిట్టుమీద ఇచ్చు వడ్డీ, మన ఋణముమీద పుచ్చుకొను వడ్డీకన్న తక్కువగనే యుండును.

ఇంతవరకు వ్రాసి మేము జాబును మరల చదివితిమి. చివర, సంతకమునకు పైన, ఒక చిన్న వాక్యము మొదటి చదువులో మా కంట పడలేదు. కారు కొన్ననాడు ముందు కట్టవలసిన సొమ్మునకు చాలక, ఒక బంధువు నొద్ద ఇరువదివేలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చినారట. ఆ సంగతి అత్తగారికి తెలియదట. ఏడాదిగా నెలకు నాలుగువందలు వడ్డీ మాత్రము కట్టుచున్నారట.

అమ్మా, మీ ప్రశ్నకు నిజమైన జవాబు ఈ వాక్యములోనే యున్నది. రెండు రూపాయల వడ్డీ యనగా ఏటికి నూటికి ఇరువదినాలుగు. ఆ యిరువదివేలకు మీరు నెలకు రు. 400 కట్టుచున్నారు, అదే యిరువదివేలు బ్యాంకులో తీర్చిన మిగులునది రు. 150. రెండు కుండలు కారుచుండగా పెద్ద చిల్లిని ముందు మూయవలెను గదా! ఎన్ని ఋణములున్నను, ఎక్కువ వడ్డీగల దానిని ముందు తీర్చుట గృహిణి మరువరాని సూత్రము. ఋణము పెద్దదా చిన్నదా యని చూడరాదు, వడ్డీ చూడవలెను.

కావున మా సలహా యిది. ఏబదివేలలో ఇరువదివేలు ఆ బంధువునకు ఇచ్చి, మీరు వ్రాసియిచ్చిన నోటును తిరిగి పుచ్చుకొనుడు. ఇంటిలో ఆ మాటను ఇకనైన దాచకుడు. దాచిన అప్పునకు వడ్డీ రెండింతలు: ఒకటి సొమ్ముతో, ఒకటి నిద్రతో కట్టవలసియుండును. మిగిలిన ముప్పదివేలు కారు ఋణమునకు అసలుక్రింద కట్టి, గడువు తగ్గింపు డని కోరుడు. అట్లు చేసినచో నలువదియెనిమిది కంతులు నలువదినాలుగుగా తగ్గును. బ్యాంకు వడ్డీలో సుమారు రు. 12,400 మిగులును. బంధువునకు నెలనెలా పోవుచున్న నాలుగువందలు వేరుగా మిగులును. మామగారి వైద్యముకొరకు ఇంటిలో కొంత నిలువ సొమ్ము లేనిచో, ఈ ముప్పదివేలలోనుండియే కొంత తీసి యుంచుడు. ఆసుపత్రి ఖర్చు వచ్చిననాడు బ్యాంకునకు కట్టిన సొమ్మును తిరిగి ఇమ్మనుటకు వీలులేదు.

కట్టుటకు ముందు చూచుకొనవలసినవి కొన్ని కలవు. ఇవి ఈ సోదరికేగాక అందరికిని పనికివచ్చును.

మొదటిది, ముందుగా కట్టినందుకు బ్యాంకువారు రుసుము పుచ్చుకొందురా యన్నది. ఇందులో ఋణము మారుడు వడ్డీదా, స్థిర వడ్డీదా యని చూడవలెను. 2026 జనవరి 1వ తేదీనుండి మంజూరైన లేక పునరుద్ధరింపబడిన మారుడు వడ్డీ ఋణములను, వ్యాపారముకొరకు గాక సొంత అవసరములకు తీసికొన్న వ్యక్తులు, ముందుగా కొంత కట్టినను పూర్తిగా కట్టినను రుసుము వేయరాదని భారతీయ రిజర్వు బ్యాంకు 2025 జూలై 2న నిబంధనలు చేసినది. కాని కారు ఋణములు పెక్కు స్థిర వడ్డీవి. వానికి ఈ రక్ష లేదు. మంజూరు పత్రములో వ్రాసియున్న రుసుము చెల్లును. నూటికి మూడు వేసినారనుకొన్నను, ముప్పదివేలకు తొమ్మిదివందలు. మిగులు పండ్రెండువేలముందు అది భరింపదగినదే. కాని కడపటి యేట కట్టువారు రుసుమును, మిగులు వడ్డీని ప్రక్క ప్రక్కన వ్రాసి చూచికొనవలెను. కొందరు తొలి కొన్ని నెలలలో అదనముగా కట్టనీయరు. ఏటికి ఇన్నిమారులే యని హద్దు పెట్టువారును కలరు.

రెండవది, సొమ్ము ఏ పద్దులో పడినదన్నది. ఊరకే ఖాతాలో వేసి వచ్చినచో, దానిని వచ్చు నెలల కంతులకొరకు నిలువ యుంచు నవకాశము కలదు. అట్లయిన అసలు తగ్గదు, వడ్డీయు తగ్గదు. కావున “ఈ సొమ్మును ఋణము అసలునకు జమకట్టి, కంతు మార్పక, గడువు తగ్గింపవలెను” అని కాగితముమీద వ్రాసి యిచ్చి, ముట్టినట్లు నకలుమీద ముద్ర వేయించుకొని, క్రొత్త వాయిదాల పట్టికను అడిగి పుచ్చుకొనవలెను. అదనపు సొమ్ము కట్టిన నెలలో మామూలు కంతు కట్టుట మానరాదు.

మూడవది, వడ్డీ మాటలోని మర్మము. మీ కారు ఋణమునకు తగ్గుచున్న బాకీమీదనే వడ్డీ కట్టుచున్నారు. అది న్యాయమైన పద్ధతి. కాని కొన్ని చోట్ల నూటికి తొమ్మిది “ఫ్లాటు” అందురు. అనగా బాకీ తగ్గినను తగ్గకున్నను, మొదటి అయిదు లక్షలమీదనే అయిదేండ్లును వడ్డీ: ఏటికి 45,000 చొప్పున రు. 2,25,000. కంతు రు. 12,083 అగును. మీ పద్ధతిలో మొత్తము వడ్డీ సుమారు రు. 1,22,750 మాత్రమే. పేరునకు రెండును తొమ్మిదియే. ఫ్లాటు తొమ్మిది నిజమునకు పదునారింటికి దగ్గర. కావున వడ్డీ శాతము విని తృప్తిపడక, “కంతు ఎంత? కంతులు ఎన్ని?” అని అడిగి రెండింటిని గుణించి చూడవలెను.

ఇందుకు మనకు ఒక సాధనము దొరికినది. 2024 అక్టోబరు 1వ తేదీనుండి మంజూరగు ఇట్టి ఋణములకు, కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అను ముఖ్యాంశముల పత్రమును ఇచ్చి తీరవలెనని రిజర్వు బ్యాంకు శాసించినది. ఖర్చులన్నియు కలిపిన నిజమైన ఏటి వడ్డీ, రుసుములు, ఏ నెల కంతులో అసలెంత వడ్డీ యెంత యను పట్టిక, అన్నియు అందులో నుండవలెను. మరియు ఆ పత్రము ఋణము పుచ్చుకొనువారికి తెలిసిన భాషలో నుండవలెను. దానిని వివరించి చెప్పవలెను. తెలుగు చదువనేర్చిన మనము తెలుగు పత్రము అడుగుట గొంతెమ్మ కోరిక గాదు. అది మన హక్కు.

కడపటిది, ఋణము తీరిననాటి పని. బాకీ పూర్తిగా తీరగనే బండి మనదైన ట్లనిపించును గాని, రిజిస్ట్రేషను పత్రముమీద బ్యాంకు పేరు ఇంకను ఉండును. బ్యాంకునుండి బాకీ లేదను పత్రమును, ముప్పదియైదవ నంబరు ఫారమును పుచ్చుకొని, రవాణా శాఖలో ఆ పేరు తీసివేయించుకొనవలెను. లేనిచో బండి అమ్మబోయిన నాడు చిక్కు వచ్చును.

సోదరీమణులారా, కారు ఋణము మగవారి పేరనే యుండవచ్చును. కాని దాని కంతు మన వంటింటి బియ్యములోనుండి, పాలలోనుండి, పిల్లల జీతములలోనుండి పోవుచున్నది. ఆ కాగితము ఎక్కడ నున్నదో, ఈ నెల బాకీ ఎంతో ఎరుగని గృహిణి, గాదెకు తాళము వేసి అడుగున పందికొక్కు త్రవ్విన కన్నమును చూడని దానివంటిది. ఈ నెల మీ యింటి ఋణముల నన్నిటిని ఒక కాగితముమీద వ్రాయుడు: ఎవరికి, ఎంత, నూటికి నెలకు ఎంత వడ్డీ. ఎక్కువ వడ్డీగలదానికి పైన గీత గీయుడు. ఉగాదికి పంట సొమ్మో, పాలసొమ్మో చేతికి వచ్చిననాడు ఆ గీత గీసినచోట మొదలు పెట్టుడు.

సంగము సోదరి తన ముప్పదివేలు కట్టి, క్రొత్త పట్టిక పుచ్చుకొన్న పిదప మాకు మరల ఒక కార్డు వ్రాయవలెనని కోరుచున్నాము. అందు అత్తగారు ఏమన్నారో కూడ వ్రాసినచో సంతోషింతుము.